ఫోన్‌కి రెండు నక్షత్రాలు, లారీకి ఐదు

దారిలో బండి ఆగిపోతే వచ్చి తీసుకెళ్తామనే సర్వీసులు ఇప్పుడు చాలా ఉన్నాయి. అందులో ఒకదానికి నేను ఏడాది చందా కట్టాను. కంపెనీ పేరు రాయను గానీ, పాత కారు ఉన్నవాళ్లకి పనికొస్తుందని రివ్యూ మాత్రం కాస్త వివరంగానే రాస్తున్నాను. మొత్తం సర్వీసుకి కలిపి ఒకే మార్కు వెయ్యడం నావల్ల కాదు. ఫోన్ ఎత్తినవాళ్లకి పాత కారంటే ఏమిటో తెలీదు. లారీ తెచ్చినాయనకి నా కారు గురించి నాకు తెలిసినంతా తెలుసు, ఒకట్రెండు విషయాల్లో నాకంటే ఎక్కువే తెలుసు. ఇద్దరికీ సగటు తీస్తే అది ఇద్దరికీ అన్యాయమే.

ముందు బండి సంగతి. 1959 మోరిస్ మైనర్ 1000, నాలుగు తలుపులది. 948 సీసీ ఇంజను. ముందు చక్రాలకి చుట్టల స్ప్రింగులు కాదు, బండి కింద పొడుగ్గా పడుకుని, మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే టోర్షన్ బార్లనే కడ్డీలు. వెనక మామూలు కమాన్లే, అంటే పట్టీల స్ప్రింగులే. ఇండికేటర్ దీపాల బదులు తలుపుల మధ్య స్తంభంలోంచి చిన్న చెయ్యి ఒకటి పైకి లేస్తుంది. 1961 దాకా ఈ కార్లకి అలాగే ఇచ్చారు. హజార్డ్ లైట్లన్న మాటే లేదు. అలెక్ ఇసిగోనిస్ డిజైన్ చేసిన ఈ కారు 1948లో వచ్చింది. బ్రిటన్‌లో తయారై పది లక్షలు దాటిన మొదటి కారు ఇదే. అంత పేరున్న కారుకీ ఒక పుట్టు జబ్బు ఉంది. నాది పాత కార్లని బాగుచేసే రిస్టోరేషన్ షాపులో చాలాకాలం ఉండి, కొత్త పెళ్లికూతురిలా ముస్తాబై వచ్చింది. వచ్చాక ఎక్కువ తిరగకుండానే ఆ జబ్బు రోడ్డు మీద బయటపడింది.

పక్క సీట్లో మా బావమరిది ఉన్నాడు. ఒక పెద్ద కూడలి దాటాక యూ టర్న్ తీసుకుంటున్నాను. మనిషి నడిచేంత వేగం, స్టీరింగ్ చివరిదాకా తిప్పి ఉంది. ఎడమ ముందు చక్రం దగ్గర టక్కుమని ఒక్క చప్పుడు. ఆ వెంటనే ఆ మూల కిందికి కూలబడింది. బ్రేకు తొక్కితే పెడల్ నేలకి అంటుకుపోయింది. హ్యాండ్ బ్రేకు లాగాను.

"బావా, గుంతలో దిగామా?" అన్నాడు వాడు.

దిగి చూస్తే గుంతా లేదు, రాయీ లేదు. చక్రం మడ్‌గార్డ్ కిందికి ఒరిగి, ఎటు తిరిగిందో తెలియకుండా వంకరగా పడుకుంది. మడ్‌గార్డ్ అంచు టైరు మీద కూర్చుంది. చక్రాన్ని బండికి కలిపే కింది ఆర్మ్ చివర తారు మీద ఒక గీత గీసి ఆగింది. పక్కనే బ్రేక్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా కారుతోంది. చక్రం పడిపోయేటప్పుడు రబ్బరు హోస్ తెగింది. ఈ కార్లో బ్రేకులన్నిటికీ ఒకటే లైను. ఒకచోట తెగితే నాలుగు చక్రాలకీ పోయినట్టే. వెనక చక్రాలకి వైరుతో పనిచేసే హ్యాండ్ బ్రేకు ఒక్కటే మిగులుతుంది. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే పెయింటు పొక్కి లేస్తుంది కాబట్టి మొదట తాగే నీళ్ల సీసా తీసి మడ్‌గార్డ్ అంచు మీద పోశాను. ఫోన్ సంగతి ఆ తర్వాతే.

నేను లేత్ మిషన్ మీద బతికినవాణ్ణి. అందుకే ఈ జబ్బు గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్తాను, తొందరున్నవాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. మైనర్ ముందు చక్రాన్ని నిలబెట్టేది కింగ్‌పిన్. దానికి పైనా కిందా థ్రెడ్డు ఉంటుంది. ఒక్కో చివర ట్రనియన్ అనే ముక్క ఆ థ్రెడ్డు మీద ఎక్కి ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా పిన్ను అందులో కొంచెం బిగుసుకుంటూ, కొంచెం వదులవుతూ ఉంటుంది. తర్వాతి కాలపు కార్లలో బాల్ జాయింట్ చేసే పని ఇక్కడ నట్టూ బోల్టూ చేస్తున్నాయన్నమాట. ఆ మూల బరువంతా కింది ట్రనియన్ మీదే. టోర్షన్ బార్ కింది ఆర్మ్‌ని కిందికి నొక్కుతుంటుంది, నేల చక్రాన్ని పైకి నెడుతుంటుంది. ఈ రెండూ విడిపోకుండా పట్టుకున్నది ఆ కొద్ది చుట్ల థ్రెడ్డే. గ్రీజు అందకపోతే చుట్లు అరుగుతాయి. అరిగి అరిగి ఒకరోజు పిన్ను ట్రనియన్‌లోంచి పీక్కుని బయటికొస్తుంది. మామూలుగా ఇది పార్కింగ్‌లోనో, మలుపులోనో, స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు జరుగుతుంది. అప్పుడు వేగం ఉండదు. అదొక్కటే ఇందులో ఉన్న అదృష్టం. అదే హైవే మీద అయితే ఈ రివ్యూ ఇంకెవరో రాయాల్సి వచ్చేది.

ఇక సర్వీసు. మొదట వాళ్ల యాప్ తెరిచాను. లొకేషన్ వెంటనే పట్టుకుంది, అది బాగుంది. తర్వాత బండి కంపెనీ ఎంచుకోమంది. లిస్టులో మోరిస్ లేదు. "ఇతర" నొక్కితే తయారైన సంవత్సరం అడిగింది. నేను పుట్టిన సంవత్సరం కూడా ఆ లిస్టులో లేదు, ఇక కారుది ఎక్కడుంటుంది? దొరికిన వాటిలో అన్నిటికంటే పాతది నొక్కాను. తర్వాత 17 అక్షరాల ఛాసిస్ నంబరు అడిగింది. ప్రపంచమంతా 17 అక్షరాలకి అలవాటు పడింది 1980ల్లో. నా బండికి ఇంజను గది వెనక గోడ మీద చిన్న ప్లేటు ఉంది, దాని మీద అన్ని అక్షరాలు లేవు. ఉన్నవి కొడితే ఎర్ర గీత వచ్చి ఆగిపోయింది. మా బావమరిది "ముందు సున్నాలు పెట్టి చూడు బావా" అన్నాడు. పెట్టాను. తీసుకుంది. చందా కట్టేటప్పుడు ఆన్‌లైన్‌లో ఈ తిప్పలేవీ లేవు. డబ్బు తీసుకునే పేజీకి బండి వయసు అక్కర్లేదు, సాయం అడిగే పేజీకే కావాలి.

సమస్య ఏమిటో చెప్పే చోట ఉన్నవి పంక్చర్, బ్యాటరీ, పెట్రోలు అయిపోవడం, తాళం లోపల ఉండిపోవడం, యాక్సిడెంట్. నాది ఇందులో ఏదీ కాదు. యాక్సిడెంట్ నొక్కితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ నంబరు అడిగింది. యాప్ మూసేసి ఫోన్ చేశాను.

ఫోన్ ఎత్తిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. ఆ అమ్మాయిని ఒక్క మాట అనను. ఆమె ముందున్న స్క్రీన్‌నే అంటాను.

"సార్, డ్యాష్‌బోర్డ్ మీద ఏ వార్నింగ్ లైట్ వెలుగుతోంది సార్?"

"ఏదీ లేదమ్మా. ముందు చక్రం ఊడిపోయి మడ్‌గార్డ్ కింద పడుకుంది. బండి దొర్లదు. బండిని మొత్తంగా పైకి ఎక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ లారీ కావాలి."

"అంటే టైర్ ప్రాబ్లమ్ కదా సార్?"

"టైరు బాగానే ఉందమ్మా. టైరుని పట్టుకున్నది పోయింది."

కాసేపు కీబోర్డ్ చప్పుడు. "ఓకే సార్, టైర్ కింద రిజిస్టర్ చేశాను సార్. మీ దగ్గర స్పేర్ వీల్ ఉందా సార్?"

ఫ్లాట్‌బెడ్ అన్న మాట ఆ కాల్‌లో ఎన్నోసార్లు చెప్పాను. చివర్లో ఆమె చదివి వినిపించిన సారాంశంలో అది లేదు. రాయమంటే, "వచ్చే టీమ్ చూసి డిసైడ్ చేస్తారు సార్" అంది.

అలా మొదట వచ్చింది పంక్చర్ వ్యాన్. అందులోంచి దిగిన కుర్రాడు చక్రాన్ని చూసి, నన్ను చూసి, మళ్లీ చక్రాన్ని చూశాడు. "అంకుల్, దీనికి నేనేం చెయ్యను?" అన్నాడు. నిజమే. కానీ వాడు అంతటితో వెళ్లిపోలేదు. వ్యాన్‌లోంచి నాలుగు కోన్లు తీసి బండి వెనక ఏటవాలుగా పెట్టాడు. అప్పటిదాకా మాకున్నది నా డిక్కీలోని మడత హెచ్చరిక త్రికోణం ఒక్కటే. సాయంత్రం అవుతోంది, హజార్డ్ లైట్లు లేని బండి. సైడ్ లైట్లు వేసి ఉంచితే ఇంజను ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ మీదే భారం. ఆ కోన్లు లేకపోతే వెనకొచ్చే ప్రతి లారీ లైటుకీ మా ఇద్దరి గుండె జారేది. ఆ అబ్బాయి తన ఫోన్‌తో మూడు ఫొటోలు తీసి, ఆఫీసు గ్రూపులో పెట్టి, "వీల్ కొలాప్స్, ఫ్లాట్‌బెడ్ ఓన్లీ" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. నేను అరగంట మాట్లాడినా ఎక్కని విషయం వాడి వాయిస్ మెసేజ్‌తో ఎక్కింది. కోన్లు లారీ వాళ్లకి ఇచ్చేయమని చెప్పి వెళ్లాడు.

ఎక్కింది అనుకున్నాను గానీ, పూర్తిగా ఎక్కలేదు. తర్వాత వచ్చింది వీల్ లిఫ్ట్ ట్రక్కు. వెనక ఫోర్కులుండి, ముందు రెండు టైర్లనీ పట్టుకుని బండి మూతి ఎత్తి, వెనక చక్రాల మీద లాక్కుపోయే రకం. ఆ డ్రైవర్ దిగీ దిగగానే ఫోర్కులు దించుతున్నాడు. చక్రమే ఊడిన చోట ఆ ఫోర్కు దేన్ని పట్టుకుంటుంది? టైరుని పట్టి ఎత్తితే అది సగం దూరంలో మడ్‌గార్డ్‌ని చీల్చుకుని బయటికొస్తుంది. అదే చెప్పాను. "అయితే వెనక నుంచి ఎత్తుతా" అన్నాడు. వెనక ఎత్తితే ముందు విరిగిన కాలు మీద ఈడ్చుకుపోవాలి. అదీ చెప్పాను. "ఇన్ని రూల్స్ ఉంటే బండి ఇంట్లో పెట్టుకోవాలి సార్" అని గొణిగి, ట్రిప్ క్యాన్సిల్ చేయించమని నా మీదే పెట్టి వెళ్లిపోయాడు. ఈయనకి నక్షత్రాలు లెక్కపెట్టను.

పాత కారు ఉన్నవాళ్లు ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. వచ్చినవాళ్లు హుక్కు చేతిలో పట్టుకుని బండి దగ్గరికొస్తే ముందు అడ్డం నిలబడండి. కొత్త కార్లకి బంపర్‌లో మూత తీసి టోయింగ్ కొక్కెం బిగించుకునే రంధ్రం ఉంటుంది. మైనర్ లాంటి వాటికి అది ఉండదు. అలవాటు కొద్దీ బంపర్‌కో, బంపర్ పట్టీకో, స్టీరింగ్ రాడ్‌కో తగిలించి, బండిని లాగే వించ్ మిషన్ నొక్కారంటే చక్రం ఊడడం కంటే ఆ నష్టమే పెద్దది.

చీకటి పడ్డాక ఫ్లాట్‌బెడ్ వచ్చింది. లారీ దిగినాయనకి నా వయసే ఉంటుంది. వెంట ఒక హెల్పర్ కుర్రాడు. ఆయన హుక్కు పట్టుకుని రాలేదు, టార్చి పట్టుకుని వచ్చాడు. ఒక్క మాట మాట్లాడకుండా గోనెసంచి పరుచుకుని బండి కింద పడుకున్నాడు. అక్కడి నుంచే అడిగాడు: "సార్, కింది ట్రనియన్ ఊడిందా?"

నేను అవునన్నాను.

"వెనక యాక్సిల్ మీద బ్రేకు పైపు ముందు పక్క ఉందా, వెనక పక్కా?"

ఆ ప్రశ్న విన్నాక నా టెన్షన్ సగం దిగిపోయింది. ఆ ప్రశ్న అడిగేవాడు బండిని ముందు నుంచి లాగడు. వెనక నుంచి, యాక్సిల్ పట్టుకుని లాగుదామని అప్పటికే అనుకున్నాడు. మైనర్ వెనక యాక్సిల్ ఒకే గట్టి దూలం, కమాన్ల మీద కూర్చుని ఉంటుంది, బండి మొత్తంలో లాగడానికి అంతకంటే గట్టి చోటు లేదు. కానీ దాని మీదుగానే బ్రేకు పైపు సన్నగా రెండు చక్రాలకీ వెళ్తుంది, హ్యాండ్ బ్రేకు వైర్లూ అక్కడే. స్టీలు గొలుసు వేసి లాగితే పైపు నలిగిపోతుంది. ఆయన గొలుసు తియ్యలేదు. మెత్తటి నైలాన్ బెల్టులు రెండు తీసి, ఒక్కోదాన్ని కమాన్‌కి లోపలి పక్కన యాక్సిల్ చుట్టూ తిప్పి, పైపు బెల్టుకి బయటే ఉండేలా వేలితో తడిమి చూసి, అప్పుడు రెండు కొసల్నీ వించ్ కొక్కేనికి తగిలించాడు. హెల్పర్ చూపు బెల్టు మీద ఉంటే, "పైపు చూడరా, బెల్టు కాదు" అని కసిరాడు.

ఆ తర్వాత విరిగిన చక్రం పని. అసలు పనితనం ఇక్కడే చూశాను. జాకీని అటూ ఇటూ చూసి సస్పెన్షన్ వెనక బండికి అడ్డంగా ఉన్న దూలం, అదే అడ్డ మెంబర్, కింద పెట్టాడు, మధ్యలో ఒక చెక్కముక్క వేసి. బండి మెల్లగా లేచింది. మడ్‌గార్డ్ టైరు మీంచి దిగేటప్పుడు పెయింటు గీసుకోకుండా మధ్యలో ఒక మడత గుడ్డ దూర్చాడు. చక్రం గాల్లోకి లేచాక, రెండు చేతులతో దాన్ని నిలువుగా తిప్పి, కింగ్‌పిన్ చివరని ట్రనియన్ రంధ్రంలోకి మళ్లీ దించాడు. థ్రెడ్డు లేదు కాబట్టి తిప్పాల్సిన పని లేదు, జారి కూర్చుంది. ఆ తర్వాత సన్నటి రాచెట్ బెల్టు ఒకటి చక్రం మధ్యలో ఉండే హబ్ వెనక నుంచి కింది ఆర్మ్ చుట్టూ చుట్టి టకటకా బిగించాడు. ఇప్పుడు చక్రం నిలబడింది, కానీ దొర్లదు, దొర్లనివ్వకూడదు. టైరు కింద ప్లాస్టిక్ జారుడు పలక పెట్టి జాకీ దించాడు.

"హ్యాండ్ బ్రేకు మీ చేతిలో పెట్టుకుని లోపల కూర్చోండి సార్. నేను ఆపమన్నప్పుడు లాగండి. ఫుట్ బ్రేకు లేదుగా," అన్నాడు. ఫుట్ బ్రేకు లేదని నేను ఆయనకి చెప్పలేదు. కింద కారిన ఆయిల్ చూసి తెలుసుకున్నాడు.

బెడ్ వంచి వించ్ నొక్కాడు. బండి వెనక్కి, జాగ్రత్తగా, ముందు ఎడమ కాలు పలక మీద జారుతూ ఎక్కింది. బెడ్ మొదట్లో పలక ఒక రేకు అంచుకి తట్టింది. వెంటనే ఆపాడు, నేను హ్యాండ్ బ్రేకు లాగాను, హెల్పర్ గడ్డపారతో పలకని సర్దాడు. అంతకుమించి ఆటంకం లేదు. మొత్తం పనిలో నాకు కాస్త చిరాకు పుట్టించింది ఒకటే, హెల్పర్ కుర్రాడు చెయ్యి ఆసరాకి రెండుసార్లు ఇండికేటర్ చెయ్యి ఉన్న స్తంభం మీద గ్రీజు చేత్తో పట్టుకున్నాడు. తుడిస్తే పోయింది.

కట్టేటప్పుడు కూడా ఆయన తెలివి కనిపించింది. మూడు మంచి చక్రాలకి టైరు మీంచి బెల్టు వేసి బెడ్‌కి కట్టాడు. బాడీకి కట్టి కిందికి బిగిస్తే దారంతా సస్పెన్షన్ నలుగుతూ ఉంటుంది, గతుకు తగిలినప్పుడు బెల్టు వదులై బండి ఎగురుతుంది. టైరుకి కడితే బాడీ తన సస్పెన్షన్ మీద తాను ఊగుతుంది, బండి మాత్రం కదలదు. నాలుగో మూల అడ్డ మెంబర్ కింద రెండు చెక్క దిమ్మెలు పేర్చి బరువు దాని మీదికి దించాడు, పాపం ఆ చక్రం మీద ఏమీ పెట్టలేదు. బయల్దేరిన కాసేపటికి రోడ్డు పక్కన ఆపి దిగి, బెల్టులన్నీ మళ్లీ బిగించాడు. మొదటి కొంత దూరం తర్వాత బెల్టులు సర్దుకుని వదులవుతాయట. ఇది నాకు కొత్త.

క్యాబిన్‌లో మా బావమరిది వెనక కూర్చుని కునుకు తీశాడు. ఆయనా నేనూ కబుర్లు. "ఇంత సన్న బండి ఎక్కించడం తేలికే సార్. మరీ ఇరుగ్గా ఎందుకు చేశారో" అన్నాడు. ఇంకా ఇరుగ్గానే ఉండేదని చెప్పాను. తయారీ మొదలయ్యేముందు ఇసిగోనిస్‌కి నమూనా కారు మరీ సన్నగా అనిపించి, దాన్ని నిలువునా మధ్యకి కోయించి, నాలుగు అంగుళాలు ఎడం చేసి చూసుకుని, అలాగే తయారు చేయించాడు. అప్పటికే తయారైన బంపర్లు కూడా మధ్యకి కోసి, మధ్యలో అతుకు వేసి వాడారు. ఆయన బ్రేకు మీద కాలు పెట్టి మరీ నవ్వాడు. "లేత్ పని మీది, కోత పని ఆయనది" అన్నాడు. ఆయన యవ్వనంలో ఒక గ్యారేజీలో ఇలాంటి బండ్ల మీదే పని నేర్చుకున్నాడట. తర్వాత ఫ్లాట్‌బెడ్ నడపడానికి వచ్చాడు. అందుకే రేటింగ్ ఇచ్చేటప్పుడు ఒక ఇబ్బంది: నేను మెచ్చుకుంటున్నది కంపెనీ శిక్షణని కాదు, ఒకాయన పాత అనుభవాన్ని. మీకు పంపే లారీలో ఆయనే ఉంటాడన్న హామీ లేదు.

దించడం ఎక్కించినంత సేపు పట్టలేదు. అదే పలక, అదే బెల్టు, ఈసారి నెమ్మదిగా వదులుతూ. యాప్‌లో సంతకం పెట్టమన్నప్పుడు "బండికి ముందే ఉన్న డ్యామేజీ" అనే పేజీలో మడ్‌గార్డ్ అంచు వంపు ఆయనే ఫొటో తీసి పెట్టాడు, లేకపోతే తర్వాత ఎవరిదని గొడవ.

బిల్లు దగ్గర మళ్లీ ఆఫీసు చేయి తగిలింది. నా ప్లాన్‌లో ఫ్లాట్‌బెడ్ ఉచితం. కానీ నేను "ట్రిప్ క్యాన్సిల్ చేసినందుకు" వీల్ లిఫ్ట్ ట్రక్కు ఖర్చు నా ఖాతాలో వేశారు, పైగా వెయిటింగ్ చార్జీ. పంక్చర్ కుర్రాడు తీసిన ఫొటోలు అడిగి తీసుకుని, మొదటి కాల్ రికార్డింగ్ వినమని మెయిల్ రాశాను. కొన్నాళ్లకి రెండూ వెనక్కిచ్చారు. క్షమాపణ కూడా పంపారు, కాకపోతే అందులో నా కారుని "టైర్ సమస్య ఉన్న వాహనం" అనే రాశారు.

రిస్టోరేషన్ షాపు మీద ఇక్కడ ఎక్కువ రాయను, అది వేరే లెక్క. వాళ్లిచ్చిన బిల్లులో "ముందు సస్పెన్షన్ ఓవర్‌హాల్, ట్రనియన్లు కొత్తవి" అని ఉంది. ఊడిన ట్రనియన్‌ని కడిగి బెంచ్ మీద పెట్టి చూశాను. కొత్తవి రబ్బరు సీళ్లు మాత్రమే. ముక్క పాతదే, పైన నల్ల పెయింటు, లోపల దట్టంగా కొత్త గ్రీజు. గ్రీజు తుడిచాక లోపల థ్రెడ్డు పైన ఒక చుట్టు కొంత మిగిలింది, మిగతా చోట కొండచిలువ మింగినట్టు నున్నగా ఉంది. వేలు పెట్టి తిప్పితే ఎక్కడా తగల్లేదు. అంత దట్టమైన గ్రీజు ఉన్నప్పుడు చేత్తో ఊపి చూసినా లూజు తెలీదు, అదే వాళ్లకి కలిసొచ్చింది. కుడి పక్కది కూడా విప్పాను. అది ఊడలేదు, కానీ ఊడడానికి సిద్ధంగానే ఉంది. రెండు పక్కలా పిన్నులతో సహా మార్చాను. ఎడమదీ కుడిదీ ఒకటి కాదు, ఒకదాని థ్రెడ్డు మామూలుగా, రెండోదాని థ్రెడ్డు ఎదురుగా తిరుగుతుంది. కొనేటప్పుడు పక్క చూసి కొనాలి.

మైనర్ ఉన్నవాళ్లు బిల్లు నమ్మకండి, ఇనుప కడ్డీని నమ్మండి. ముందు భాగాన్ని జాకీ మీద ఎత్తి, చక్రం కింద పొడుగు కడ్డీ పెట్టి పైకి లేపి చూడాలి. పిన్నూ ట్రనియన్ మధ్య పైకీ కిందికీ కదలిక కనిపిస్తే ఆ బండిని రోడ్డెక్కించొద్దు. గ్రీజు కూడా చక్రం గాల్లో ఉన్నప్పుడే కొట్టాలి. నేల మీద ఉన్నప్పుడు కొడితే బరువు పడే పక్క చుట్లు ఒకదాన్నొకటి అదుముకుని ఉంటాయి, గ్రీజు అవతలి పక్క నుంచి తప్పుకుని బయటికొచ్చేస్తుంది. ఆ కాలపు మాన్యువల్ లెక్క వెయ్యి మైళ్లకోసారి, అంటే 1600 కిలోమీటర్లకి. ఇందులో ఇంకో తికమక ఉంది: ట్రయంఫ్ హెరాల్డ్ లాంటి పాత బ్రిటిష్ కార్ల కింది ట్రనియన్‌లో గ్రీజు కాదు, గేర్ ఆయిల్ కొట్టాలి. ఆ కార్ల మెకానిక్కులు మైనర్‌కీ ఆయిలే అంటారు. వినొద్దు.

చివరికి ఈ చందా తీసుకోవచ్చా అంటే, నేను రెన్యూ చేశాను. కాకపోతే రెన్యూ చేసేముందు మెయిల్లో రాతపూర్వకంగా రెండు అడిగాను. నా ఖాతా మీద "ఫ్లాట్‌బెడ్ మాత్రమే" అని నోట్ ఉండాలని, బండి వయసుని బట్టి సాయం నిరాకరించరని. మొదటిదానికి వెంటనే సరే అన్నారు. రెండోదానికి షరతుల పత్రం పంపారు. అందులో వయసు పరిమితి లేదని నేనే చదివి చూసుకున్నాను. మీ ప్లాన్‌లో ఉండొచ్చు, చూసుకోండి. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు బండి పేరుతో మొదలుపెట్టకుండా, "చక్రం దొర్లదు, బండిని ఈడ్వకూడదు, టోయింగ్ కొక్కెం లేదు" అని మొదలుపెట్టండి. నా తర్వాతి కాల్‌లో, అది బ్యాటరీ కోసమే అయినా, ఆ వరసలో చెప్తే అవతలి అబ్బాయి ఏమీ అడక్కుండా ఫ్లాట్‌బెడ్ పంపబోయాడు. వద్దని ఆపడానికి కొంత సేపు పట్టింది.

ఫోన్‌కీ యాప్‌కీ రెండు నక్షత్రాలు, అందులో ఒకటి లొకేషన్‌కి. పంక్చర్ వ్యాన్ కుర్రాడికి నాలుగు. లారీ తెచ్చినాయనకి ఐదు, అంతకంటే ఎక్కువ ఇవ్వడానికి యాప్ ఒప్పుకోలేదు.